రాతిమిద్దెలో చక్రాల కుర్చీ: కొలతలు, ఖర్చులు, మళ్ళీ చేసిన పనులు

ఇల్లు, మనుషులు

జమ్మలమడుగు పక్క పల్లెలో మా అవ్వగారిల్లు. పాత రాతిమిద్దె. గోడలు ఒకటిన్నర అడుగు మందం, రాళ్ళ మధ్య మట్టి, పైన సున్నం పూత. నేలంతా పాలిష్ పట్టిన నల్ల కడప బండలు. మరుగుదొడ్డి దొడ్లో, ఇంటికి నలభై అడుగుల దూరాన, కింద కూర్చునే రకం.

ఉండేది ముగ్గురు. మామకు 62. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పట్టు దొరికితే కుడికాలి మీద నిలబడతాడు, నడవలేడు. అవ్వకు ఎనభై దాటాయి. మోకాళ్ళు అరిగాయి, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. ఇద్దరినీ చూసుకునేది అత్త. ఆమెకు నడుము నొప్పి.

కేంద్ర ప్రభుత్వం వికలాంగులకు, వృద్ధులకు అడ్డంకులు లేని కట్టడాల కోసం 2016లో ప్రమాణాలు ఇచ్చింది, 2021లో వాటిని సవరించింది. ర్యాంపు వాలు 1:12, తలుపు దారి 900 మిల్లీమీటర్లు, కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వలయం. ఆఫీసులు, ఆసుపత్రులు కట్టేవాళ్ళకు ఇవి సరిగ్గా సరిపోతాయి. పాత మిద్దెలో సగం అంకెలు పట్టవు. పట్టిన చోట కూడా మామకు సరిపోయింది అవ్వకు అడ్డమొచ్చింది. కాబట్టి ఈ డైరీలో అంకెలకన్నా అవి ఎలా వచ్చాయో చూడండి. మీ ఇంట్లో మళ్ళీ కొలుచుకోవాల్సిందే.

మొదటి దశ: టేపు ముందు మనుషులకు

గోడలు కొలవకముందు కొలిచినవి:

1. కూర్చున్నప్పుడు మోకాలి వెనక మడత నుంచి నేలకు: మామ 17½ అంగుళాలు, అవ్వ 15½.
2. నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు గీత నుంచి నేలకు: మామ 34, అవ్వ 29. చేతికర్ర ఎత్తు చూసేదీ ఈ లెక్కతోనే.
3. సీటు నుంచి మోచేతికి: మామ 9, అవ్వ 8.
4. చక్రాల కుర్చీ బయటి వెడల్పు: 25½. కుడిచేతి వేళ్ళకు ఇంకో ఒకటిన్నర.
5. కుర్చీ సీటు ఎత్తు, దిండుతో కలిపి: 19½.

ఐదో అంకె దగ్గర పని ఆగింది. ఒక పక్క పడిపోయిన మనిషి కుర్చీని రెండు చేతులతో తిప్పలేడు. కుడిచేత్తో చక్రం తోస్తూ, కుడికాలితో నేలను తన్నుతూ పోవాలి. సీటు 19½ అంగుళాలు, కాలు 17½. పాదం నేలకు అందదు. మునివేళ్ళు తగిలించబోతే ఒళ్ళు ముందుకు జారుతుంది. ఇలాంటివాళ్ళ కోసం సీటు రెండంగుళాలు తక్కువ ఉండే కుర్చీలు వేరే వస్తాయి. మాది శిబిరంలో ఇచ్చిన మామూలు మడత కుర్చీ, ఇరుసుకు ఒకే రంధ్రం, సీటు దించడానికి వీల్లేదు. లావు దిండు తీసేసి ఒక అంగుళం దిండు వేశాం, కుడివైపు పాదం పలక విప్పేశాం, కుడికాలికి లావు అడుగున్న చెప్పు తొడిగాం. ఇప్పుడు మడమ కాస్త లేచి ఉంటుంది కానీ పాదం ముందుభాగం గట్టిగా ఆనుతుంది. ఎడమ పలక మాత్రం ఉంచాలి. లేకపోతే పట్టులేని కాలు కిందికి జారి చక్రం కింద పడుతుంది.

తర్వాత తోసే బలం. లగేజి తూచే వేలాడే తూకాన్ని కుర్చీ ముందు గొట్టానికి తగిలించి, వాలుగా వేసిన చెక్కపలకల మీద మెల్లగా లాగి చూశాం. మామ 70 కేజీలు, కుర్చీ 18, మొత్తం 88.

- 1:6 వాలు: 16 కేజీలు
- 1:8 వాలు: 12½ కేజీలు
- 1:12 వాలు: 9 కేజీలు

అత్త నడుముకు 12½ కుదరదు. మొదట ఒకసారి లాగింది, రెండోసారి కొంగు బిగించి "ఇది రోజూ నావల్ల కాదప్పా" అనేసింది. 1:12 ఖాయమైంది.

ఈ దశ ఖర్చు: తూకం, కొత్త టేపు, మట్టం చూసే నీళ్ళ గొట్టం, సుద్దముక్కలు – రూ. 900. పలకలు అడిగి తెచ్చినవి.
ఇప్పటిదాకా: రూ. 900

రెండో దశ: ర్యాంపు

వీధి గుమ్మం వైపు అరుగు ఎత్తు 21 అంగుళాలు, ముందు స్థలం తొమ్మిది అడుగులే. దానికితోడు గడప. నాలుగంగుళాల ఎత్తు, పండగ పండక్కీ పసుపు, కుంకుమ. "తలవాకిలి గడప జోలికి మాత్రం పోవాకురా" అంది అవ్వ. అడిగే పనే పెట్టుకోలేదు. ర్యాంపును పక్కసందు వాకిలికి మార్చాం. అక్కడి గడప రాతిది, మూడంగుళాలు. దాన్ని తీయకుండా బయటి ర్యాంపునే గడప పైమట్టానికి లేపాం. లోపల ముప్పై అంగుళాల పొడవున చిన్న వాలు పోసి నేలకు కలిపాం. సందు నుంచి మొత్తం ఎత్తు 24 అంగుళాలు, అంటే 24 అడుగుల ర్యాంపు.

బేల్దారి నవ్వాడు. "ఇరవై నాలుగడుగులా? ఆరడుగుల్లో దించేస్తా సార్. ట్రాక్టరు ఎక్కిస్తారా ఏంది?" తూకం చేతికిచ్చి 1:6 పలక మీద మామను లాగమన్నాం. ఆ తర్వాత వాలు గురించి మాట్లాడలేదు.

కట్టిన తీరు:

1. మొదటి భాగం 10 అడుగులు, ఎత్తు 10 అంగుళాలు.
2. మూల మీద 5 × 5 అడుగుల చదును. ఇక్కడ తిరగాలి, ఆగి ఊపిరి తీసుకోవాలి.
3. రెండో భాగం 14 అడుగులు, ఎత్తు 14 అంగుళాలు.
4. లోపలి వెడల్పు 3 అడుగుల 4 అంగుళాలు.
5. రెండు అంచులకూ నాలుగంగుళాల కట్ట, ముందు చక్రం పక్కకు జారకుండా.
6. వాకిలి ముందు చదునుకు బయటికి కొద్ది వాలు, వాననీళ్ళు గడప దాటి లోపలికి రాకుండా.

చెడినవి, మార్చినవి:

*పైపూత.* మొదటి భాగం పోశాక బేల్దారి తన అలవాటు కొద్దీ సిమెంటు పాలు పోసి అద్దంలా రుద్దాడు. ఆయన పనితనం అదే, ఎక్కడ చేసినా మెచ్చుకుంటారు. రెండు చెంబుల నీళ్ళు పోసి చెప్పులతో ఎక్కితే కాలు నిలవలేదు. దాన్ని చెక్కించి పాలిష్ పట్టని నాపరాయి పరిపించాం. బండల సందులు అడ్డంగా వచ్చాయి. పావు అంగుళం సందు కూడా ముందు చిన్న చక్రాలను టకటకమనిపించింది. సందులు నిండా పూడ్పించి, పైన ఇటుక ముక్కతో గరుకు చేయించాం.

*ర్యాంపు అడుగు.* సందులో సిమెంటు రోడ్డుకు, ర్యాంపు మొదలుకు మధ్య ముప్పావు అంగుళం గట్టు మిగిలింది. కంటికి లెక్కలోకి రాదు. ముందు చక్రం అక్కడ తగిలితే కుర్చీ ఆగిపోతుంది, మనిషి ముందుకు తూలుతాడు. గట్టును చెక్కి రెండడుగుల దూరం కలిపాం.

*కమ్మీ ఏ వైపు.* మామకు కుడిచెయ్యే పనిచేస్తుంది కాబట్టి పట్టుకోవడానికి కుడివైపు కమ్మీ చాలనుకుంటారు ఎవరైనా. ఎక్కేటప్పుడు కుడివైపు ఉన్నది దిగేటప్పుడు ఎడమవైపు పడుతుంది. ఒక పక్క పడిపోయిన మనిషి ఇంట్లో కమ్మీ అంటే రెండు వైపులా అనే అర్థం. ర్యాంపుకూ అంతే, వరండాకూ అంతే.

*ఎండ.* ఇనుప గొట్టానికి నల్ల రంగు వేసి మార్చిలో బిగించాం. మే నెల మధ్యాహ్నం మూడింటికి దూరం నుంచి వేడి చూసే మీటరు పెడితే 61 డిగ్రీలు. మామ కుడిచెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. పడిపోయిన ఎడమ చెయ్యి తగిలి ఉంటే తెలిసేది కూడా కాదు, కాలేది. నైలాన్ తాడు చుట్టి చూశాం, ఎండకు పొట్టు రాలింది. చివరికి వడ్లాయన దగ్గర వేపచెక్కను 40 మిల్లీమీటర్ల గుండ్రటి కమ్మీలుగా చేయించి, ఇనుప స్తంభాల మీద బిగించాం. అదే ఎండలో చెక్క వెచ్చగా ఉంటుంది, పట్టుకోవచ్చు. మన జిల్లాల్లో ఎండ పడే చోట ఇనుమైనా స్టీలైనా చేతికి తగిలేలా పెట్టకండి.

*అవ్వ ర్యాంపు ఎక్కనంది.* ఎక్కడం సరే, దిగేటప్పుడు వాలు మోకాలి మీద పడుతోంది. నిజమే. అరిగిన మోకాళ్ళకు పొడవాటి వాలుకంటే చిన్న మెట్లు, పక్కన గట్టి పట్టు నయం. అరుగుకు పాత మెట్లు మూడు. కొలిస్తే 6, 7, 8 అంగుళాలు. ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తుంటే కాలు ముందే ఊహించిన చోట నేల దొరకదు, పడేది అందుకే. అదే 21 అంగుళాలను నాలుగు మెట్లు చేశాం, ఒక్కోటి 5¼, అడుగు పెట్టే చోటు 12. చెక్క కమ్మీ అవ్వ మణికట్టు లెక్కన 29 అంగుళాల ఎత్తులో పెట్టాం. మెట్ల అంచులకు రెండంగుళాల పసుపు పట్టీ రంగు. నల్లబండ మీద నల్లబండ అంచు శుక్లం ఉన్న కంటికి కనబడదు.

ఖర్చు: సిమెంటు 7,400, ఇసుక 4,500, నాపరాళ్ళు 4,500, కూలి 12,600, ఇనుప స్తంభాలు, వెల్డింగ్ 9,800, వేపచెక్క 4,200. పూడ్చడానికి రాళ్ళు కూలిన కొట్టం గోడవే.
దశ మొత్తం రూ. 43,000.
ఇప్పటిదాకా: రూ. 43,900

మూడో దశ: తలుపులు, లోపలి గడపలు

మామ గది తలుపు దారి 27 అంగుళాలు. కుర్చీ 25½. లెక్కకు పడుతుంది, వేళ్ళు నలుగుతాయి. గోడ వెడల్పు చేద్దామంటే పైన ఒకే రాతి దూలం, దాని మీద మిద్దె బరువు. దాన్ని కదిలించే ఆలోచన మొదటి రోజే వదిలేశాం.

తలుపు తెరిచినప్పుడు దాని మందం దారిలోనే నిలబడి అంగుళంన్నర తినేస్తోంది. మడతబందులను వంకర కొన ఉండేలా వెల్డింగ్ షాపులో చేయించి మారిస్తే తలుపు పూర్తిగా గోడ పక్కకు పోతుంది. దారి 28½ అయింది. ఖర్చు రూ. 1,400. ఈ మొత్తం పనిలో డబ్బుకు తగ్గ ఫలితం బాగా ఇచ్చింది ఇదే.

లోపలి రెండు గడపలు తీసేయడానికి అవ్వ ఒప్పుకుంది, "లోపలివి దేవుడు లెక్కపెట్టడులే" అని. తీసిన గాడిలో బండ ముక్క కూర్చితే అర అంగుళం లేచింది. మళ్ళీ అరగదీయించాం. పావు అంగుళం దాటితే అవ్వ కాలికీ తగులుతుంది, చక్రానికీ తగులుతుంది.

బాత్రూముకు మామ గది గోడలోనే కొత్త దారి తీశాం. ఇక్కడ దూలం కొత్తది, కాబట్టి వెడల్పు 36 అంగుళాలు. తలుపు పక్కకు జరిగే రకం. లోపలికి తెరుచుకునే తలుపు పెడితే, లోపల పడిపోయిన మనిషి దానికి అడ్డంగా ఉంటాడు, బయటివాళ్ళు తెరవలేరు. గడియ బయటి నుంచి నాణెంతో తిప్పి తీసేది.

ఖర్చు: బందులు 1,400, గోడ కోత, దూలం 6,500, తలుపు, పట్టా 5,600, గడపల పని 1,200.
దశ మొత్తం రూ. 14,700.
ఇప్పటిదాకా: రూ. 58,600

నాలుగో దశ: బాత్రూము

ఇటుక పెట్టకముందు పడసాలలో నేల మీద సుద్దతో గీసి, గీత మీద వరసగా ఇటుకలు పేర్చి, కమోడ్ బదులు ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, మామను లోపలికి రమ్మన్నాం. 6 × 5 అడుగుల గీతలో ఒంటిచేత్తో తిరగలేక ఇటుకలు పడగొట్టాడు. 7 × 6కు పెంచితే తిరిగాడు. నిజం గోడ కట్టాక ఈ సంగతి తెలిస్తే ఖర్చు వేరేగా ఉండేది.

సుద్ద గీతలోనే ఇంకో పెద్ద తప్పు బయటపడింది. మొదటి ప్లానులో కమోడ్ కుడివైపు గోడ, గోడకు కమ్మీ. మామ కుడిచెయ్యి కాబట్టి. ఫిజియోథెరపిస్టు చెప్పిన సూత్రం ఇంకొకటి ఉంది: ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడు బలమున్న వైపు ముందు పోవాలి. కమోడ్ మీద కూర్చున్న మామ తిరిగి కుర్చీలోకి రావాలంటే కుర్చీ ఆయన కుడివైపు ఉండాలి. అక్కడ గోడ ఉంటే కుర్చీ ఎక్కడ పెట్టాలి?

ప్లాను తిప్పేశాం. ఎడమవైపు గోడ, కమోడ్ నడిగీత ఆ గోడకు 18 అంగుళాలు. కుడివైపంతా ఖాళీ. మామ వెనక గోడకు ముఖం పెట్టి కుర్చీతో నేరుగా వస్తాడు, కమోడ్ కుడిచేతి పక్కన పడుతుంది. లేచి కుడికే తిరిగి కూర్చుంటాడు. పని అయ్యాక కుర్చీ మళ్ళీ కుడివైపే ఉంటుంది, మళ్ళీ కుడికే తిరుగుతాడు. రాకకూ పోకకూ ఒకే వైపు. కుడివైపు పట్టుకోవడానికి వెనక గోడకు పైకి మడిచే కమ్మీ: కూర్చున్నాక దించుకోవాలి, మారేటప్పుడు పైకి లేపాలి. మీ ఇంట్లో పడిపోయింది కుడి పక్కయితే ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పుకోండి.

*కమోడ్ ఎత్తు.* ప్రమాణం 450 నుంచి 480 మిల్లీమీటర్లు. మామకు 18 అంగుళాలు బాగుంటుంది, అవ్వకు పాదాలు గాలిలో వేలాడతాయి. కాలిపీట పెడదామంటే రాత్రి మామ చక్రానికి అడ్డం. కింద బండ వేసి సీటుతో కలిపి 17కు ఆపాం. అవ్వ పాదాల ముందుభాగం ఆనుతుంది. ఎత్తు సీటు నుంచి లేవడం ఆమె మోకాళ్ళకూ సులువే.

*నేల.* ఏ రాయి జారుతుందో మాటల్లో తేలదు. ఐదు కేజీల గుండు కింద చెప్పు రబ్బరు అంటించి, అదే లగేజి తూకంతో లాగి, కదిలే క్షణంలో అంకె రాశాం. పొడి, నీళ్ళు, సబ్బునీళ్ళు, ఈ వరసలో:

- పాలిష్ కడప బండ: 3.1, 2.0, 0.9 కేజీలు
- పాలిష్ లేని నాపరాయి: 3.8, 3.3, 2.1
- గరుకు టైలు, అడుగు కొలతది: 3.9, 3.4, 2.6
- ఉలితో గంట్లు కొట్టిన బండ: 4.2, 3.7, 2.9

అంకెల్లో గెలిచింది గంట్ల బండే. కానీ గంట్లలో సబ్బు మడ్డి నిలుస్తుంది, షుగరున్న కాళ్ళకు గీసుకుపోతుంది, ముందు చక్రం గడగడలాడుతుంది. టైలు వేశాం. మా బోరు నీళ్ళు గట్టివి, సబ్బు తెల్లగా పేరుకుంటుంది. కొన్ని వారాలకు అదే పరీక్ష పెడితే టైలు మీద సబ్బు అంకె 2.6 నుంచి 1.8కి దిగింది. గట్టి బ్రష్షుతో వారం వారం రుద్దితే మళ్ళీ 2.5 వచ్చింది. యాసిడ్ మాత్రం వద్దు. గది బండలు సున్నపురాయి, చుక్క పడితే చాలు, మెరుపు పోయి తెల్లమచ్చ మిగులుతుంది.

*నీళ్ళు గదిలోకి వచ్చాయి.* గుమ్మం దగ్గర గట్టు లేదు, ఉండకూడదు. వాలు మాత్రం మామూలు బాత్రూముల్లాగే దూరపు మూలకు నామమాత్రంగా ఇచ్చారు. బకెట్ ఒంపితే సబ్బునీళ్ళు మంచం కిందికి. టైళ్ళు సగం లేపి వాలును 1:60 చేశాం: ఆరడుగులకు అంగుళం పైచిలుకు. గుమ్మం లోపల అడ్డంగా కాలువ, పైన స్టీలు జాలీ. జాలీ పట్టీలు చక్రం నడిచే దిశలోనే వచ్చేలా బిగించారు, సందు 20 మిల్లీమీటర్లు. ముందు చక్రం అందులో ఇరుక్కుంది. సందు 12కు తగ్గించి, పట్టీలు చక్రానికి అడ్డంగా పడేలా మార్పించాం.

*తెలుపు మీద తెలుపు.* తెల్ల గోడ, తెల్ల టైలు, తెల్ల కమోడ్. అవ్వ చేత్తో తడుముకుంటూ వెతికింది. కమోడ్ మూతను నీలం రంగుది మార్చాం, వెనక గోడకు ముదురు టైలు రెండు వరసలు.

*కప్పు.* సిమెంటు రేకు. మధ్యాహ్నం రేకు అడుగుభాగం 52 డిగ్రీలు. పైన తెల్లసున్నం రెండు పూతలు వేస్తే 43. సున్నం వానకు పోతుంది, ఏటా ఎండాకాలం ముందు వెయ్యాలి.

*వేడినీళ్ళు.* మామ ఎడమ కాలికి స్పర్శ తెలియదు. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు, చెయ్యి పెట్టి చూసేది ఎప్పుడూ కుడిది. ఈ మాట గోడ మీద రాసి పెట్టాం, ఎందుకంటే అత్త ఊరికి పోతే స్నానం చేయించేది వేరేవాళ్ళు.

ఖర్చు: కట్టుబడి, రేకు, పైపులు, కమోడ్, టైళ్ళు, కూలి కలిపి 61,000, జాలీ 2,300, వాలు మళ్ళీ చేసిన పని 4,800.
దశ మొత్తం రూ. 68,100.
ఇప్పటిదాకా: రూ. 1,26,700

ఐదో దశ: గోడకు కమ్మీ

ఇంత చిన్న పనికి ప్రత్యేక దశ ఎందుకంటే, మనుషులు పడేది ఇక్కడే. ఎడమ గోడ మిద్దెది, పాత రాయి–మట్టి గోడ. అందులో అవ్వ కోసం అడ్డకమ్మీ. నాలుగంగుళాల యాంకర్ బోల్టులతో బిగించాం, చేత్తో ఊపితే కదల్లేదు. అమెరికా ప్రమాణం ప్రకారం ఇలాంటి కమ్మీ 250 పౌండ్లు, అంటే సుమారు 113 కేజీలు ఆపాలి. సిమెంటు బస్తాలు తాడుతో వేలాడదీశాం. మొదటి 50 కేజీలకు ఏమీ కాలేదు. రెండో బస్తాకు సున్నం పగిలి, బోల్టు మట్టితో సహా ఊడి వచ్చింది. డ్రిల్లు రాయిని పట్టుకున్నట్టే అనిపిస్తుంది, నిజానికి రెండు రాళ్ళ మధ్య మట్టిలో దిగి ఉంటుంది.

మార్చిన పద్ధతి:

1. గోడ ఈ పక్క నుంచి ఆ పక్కకు పొడవాటి రంధ్రం, రెండు వైపుల నుంచీ సగం సగం.
2. ఇరవై అంగుళాల మరకడ్డీ, వెల్డింగ్ షాపులో కోయించింది.
3. మామ గది వైపు 6 × 6 అంగుళాల ఇనుప పలక, పావు అంగుళం మందం. బరువును నాలుగైదు రాళ్ళ మీద పరుస్తుంది.
4. రంధ్రంలో పలచటి సిమెంటు పోసి, ఆరాకే నట్లు బిగింపు.
5. మూడు బస్తాలు, 150 కేజీలు, రాత్రంతా.

నిలబడింది. వెనక గోడ కొత్త తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దానికి మడత కమ్మీ కూడా ఇదే పద్ధతిలో. గోడకు గాలితో అతుక్కునే రబ్బరు కమ్మీలు బజారులో చవగ్గా దొరుకుతాయి. ఒకటి తెచ్చి చూశాం. గరుకు టైలు మీద పది నిమిషాలు కూడా నిలవలేదు. పట్టు లేకపోతే మనిషి జాగ్రత్తగా ఉంటాడు, అబద్ధపు పట్టును నమ్మి బరువంతా వేస్తాడు. ఇంట్లో ఉంటే తీసేయండి.

కమ్మీకీ గోడకూ మధ్య రెండంగుళాలు. అంతకంటే ఎక్కువైతే జారిన మోచెయ్యి అందులోకి దూరి ఇరుక్కుంటుంది.

ఖర్చు: పనికిరానివి 1,850, పనికొచ్చినవి 5,200.
దశ మొత్తం రూ. 7,050.
ఇప్పటిదాకా: రూ. 1,33,750

ఆరో దశ: మంచం, దీపాలు, గంట

మంచం నవారుది. అంచు 18 అంగుళాలు ఉన్నా కూర్చుంటే నాలుగంగుళాలు దిగిపోతుంది, మామ గుంతలో నుంచి లేవాల్సి వస్తుంది. నవారు మీద పలక వేసి మూడంగుళాల గట్టి పరుపు. కూర్చున్నాక 19. కుర్చీ సీటూ ఇదీ ఇప్పుడు దాదాపు ఒకే మట్టం, అత్త ఎత్తాల్సిన పని తగ్గింది. మంచం కుడివైపు గోడకు ఆనించి ఉండేది. అదీ తిప్పాం, కారణం మీకు ఇప్పటికి తెలుసు.

ఇరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ళ కంటికి చేరేది మూడో వంతే. దానికి శుక్లం తోడైతే ఇంకా తక్కువ. మనిషి కదిలితే వెలిగే దీపం తలుపు పైన పెట్టాం. రాత్రి కళ్ళలో కొట్టి అవ్వ తూలింది, పిల్లి తిరిగినా వెలుగుతోంది. నేల నుంచి 12 అంగుళాల ఎత్తుకు దించి, ముఖం కిందికి తిప్పాం. దారి కనబడుతుంది, దీపం కనబడదు. కరెంటు పోయినా వెలిగే బల్బులు రెండు, బాత్రూములో ఒకటి, వరండాలో ఒకటి.

పిలుపు గంటకు వైర్ లేని బెల్లు కొన్నాం. మామ గది నుంచి వంటింటికి రెండు రాతిగోడలు, మూడడుగుల రాయి. సిగ్నల్ దాటలేదు. వైరు లాగి పాత రకం బెల్లే పెట్టాం. బాత్రూములో నొక్కే బటన్ బదులు తాడు. కొన నేలకు ఆరంగుళాల ఎత్తున వేలాడుతుంది, పడ్డ మనిషికి అందాలి కదా. అత్తకు స్నానం వేళ టెన్షన్ తగ్గింది మాత్రం దీనివల్లే.

తిప్పే కుళాయిలు తీసి పొడవాటి పిడి ఉన్నవి వేశాం, అవ్వ వేళ్ళు గట్టిగా పట్టలేవు.

ఖర్చు: కదలిక దీపాలు 1,300, బల్బులు 900, పనికిరాని బెల్లు 450, వైరు బెల్లు 650, పలక, పరుపు 3,900, పసుపు రంగు 180, కుళాయిలు 1,450.
దశ మొత్తం రూ. 8,830.
ఇప్పటిదాకా: రూ. 1,42,580

డబ్బు సంగతి ఒక మాట. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ పత్రం) వచ్చాక మామకు దివ్యాంగుల పింఛను నెలకు 6,000 వస్తోంది, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. కట్టుబడికి అదొక్కటే చాలదు, బాత్రూముకు అప్పు చేశాం. చేతిలో డబ్బు తక్కువుంటే వరస ఇలా పెట్టుకోండి: మడతబందులు, ఎత్తు మంచం, గోడ దాటిన కమ్మీ, గంట, దీపాలు. ఇవన్నీ కలిపి పదిహేను వేల లోపే. ర్యాంపు, బాత్రూము ఆ తర్వాత.

మిగిలిన పనులు

1. వేపచెక్కకు వానల ముందు ఒకసారి నూనె పూత.
2. అవ్వ రెండో కంటి ఆపరేషన్ అయ్యాక దీపాల వెలుగు, పసుపు పట్టీలు మళ్ళీ చూడాలి. ఇప్పుడు సరిపోయిన వెలుగు అప్పుడు కళ్ళు చెదరగొట్టవచ్చు.
3. సందు రోడ్డు మళ్ళీ వేస్తారంటున్నారు. మట్టం పెరిగితే ర్యాంపు అడుగు మళ్ళీ కలపాలి.
4. అత్త కొలతలు ఇప్పటికి తీశాం. కుర్చీ వెనక పిడుల ఎత్తు 36 అంగుళాలు, ఆమె మోచెయ్యి 39. వంగి తోస్తోంది, నడుము నొప్పికి అదీ ఒక కారణం. పిడులకు మూడంగుళాల గొట్టం అతికించడానికి వెల్డింగ్ షాపువాళ్ళు 600 అడిగారు. గొట్టం పెంచితే కుర్చీ మడత పడుతుందో లేదో ముందు కర్రముక్కలు కట్టి చూస్తాం.